శవానికి వేసిన ప్రశ్నలు

"ఆయన పోయాక కూడా అది అడుగుతూనే ఉంది మేడమ్," అంది సూపర్‌వైజర్. "నేను తలుపు ఇవతలే కూర్చుని ఉన్నాను. సన్నగా దాని గొంతు వినపడుతూనే ఉంది. పెద్దాయన గొంతు ఎప్పుడూ బయటికి వచ్చేది కాదు, మెల్లగా మాట్లాడే మనిషి. లోపల మామూలుగానే నడుస్తోంది అనుకున్నాను. సాయంత్రం దాకా అలాగే అనుకున్నాను."

ఎదుటివాళ్ళు మాట ఆపగానే ఇంకో ప్రశ్న అందుకోవడం డిటెక్టివ్ పద్ధతి కాదు. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ ఆమెని చాటుగా 'సూది' అనేవాళ్ళు. రిటైరయ్యాక ఎదురుగానే అంటున్నారు. గట్టిగా పొడిచి కాదు, కదలకుండా కూర్చుని గుచ్చుతుందని.

వాళ్ళిద్దరూ కూర్చున్నది ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసులో, వరసగా బల్లలున్న పెద్ద హాలు చివర. బల్లల మీద కుర్చీలు తలకిందులుగా బోర్లించి ఉన్నాయి. ఎవరి కప్పు వాళ్ళు పట్టుకెళ్ళిపోయారు గానీ బల్ల మీద కప్పు పెట్టిన గుండ్రటి మరకలు మాత్రం పోలేదు. హాలంతటికీ ఒక్క దీపం వెలుగుతోంది, సూపర్‌వైజర్ బల్ల మీద. ఆ వెనకాల రెండు తలుపులు. ఒకటి ఆమె కేబిన్. రెండోది ఆ గది.

"ఆ గదిలో జరిగేదేమిటో నాకేమీ తెలియదనుకుని మొదటినుంచీ చెప్పమ్మా."

సూపర్‌వైజర్ తల దించుకుంది. నలభై ఏళ్ళుంటాయి. ఏడుపు ఎప్పుడో అయిపోయిన మొహం.

"ఎవరి పని తీసేస్తున్నారో వాళ్ళని ముందు ఆ గదిలో కూర్చోబెడతారు. యంత్రం ప్రశ్నలు వేస్తుంది. ఇన్నేళ్ళు ఈ పని ఎలా చేశారు, ఎక్కడ అనుమానం వచ్చేది, కాగితంలో లేనిది ఎలా పసిగట్టేవారు, అన్నీ అడుగుతుంది. రోజూ కూర్చోబెట్టి అడిగిందల్లా పెట్టాలి, ఎంత పెట్టినా చాలదు. అందుకే మావాళ్ళు దానికి 'అల్లుడు' అని పేరు పెట్టారు." నవ్వబోయింది, రాలేదు. "చెప్పడానికి మన దగ్గర ఇంకేమీ మిగల్లేదని దానికి నమ్మకం కుదిరాక, ఇక రేపటినుంచి రానక్కర్లేదని కాగితం వస్తుంది."

"నువ్వూ కూర్చున్నావా?"

"నేనే ముందు కూర్చున్నాను. పెద్దాయన రిపోర్టులన్నీ టైపు చేసేదాన్ని. రెండు పూటల్లో అయిపోయింది నా దగ్గర ఉన్నదంతా. మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చి ఈ పని ఇచ్చారు. నాతో కలిసి పనిచేసిన వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఆ కుర్చీ దాకా నేనే తీసుకెళ్తాను."

పెద్దాయన అంటే చనిపోయిన సర్వేయర్. గోడౌన్లు తగలబడ్డప్పుడు ఇన్సూరెన్స్ తరఫున వెళ్ళి, బూడిదలో తిరిగి, నిప్పు దానంతట అది అంటుకుందా, ఎవరైనా పెట్టారా అన్నది తేల్చే మనిషి. కిందటి వారం ఆ గదిలోనే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. అందులో అబద్ధమేమీ లేదు, గుండె జబ్బు పాతదే. కానీ ఆయన కూతురు ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. నొప్పి వస్తే నాలుక కింద కొట్టుకునే స్ప్రే ఆయన స్నానానికి వెళ్ళినా దగ్గర పెట్టుకునేవాడు. ఆ రోజు జేబులో ఎందుకు లేదు? గది తలుపు ఆయనకి నాలుగు అడుగుల దూరంలో ఉంది. లేచి ఎందుకు రాలేదు?

పోలీసుల దగ్గరికి పోవద్దని కంపెనీవాళ్ళు కూతుర్ని బతిమాలుకున్నారు. కావాలంటే నీకు నచ్చిన మనిషిని పంపు, ఒక పూట చూసుకుంటారు అన్నారు. ఆ పిల్ల వచ్చి ఈ డిటెక్టివ్ తలుపు తట్టింది.

"స్ప్రే ఎక్కడుంది?"

"బయట లాకర్‌లో. లోపలికి ఏదీ తీసుకెళ్ళకూడదు మేడమ్. జేబులో తాళాలు కదిలినా మైకు పట్టేస్తుంది, మాటలు చెడిపోతాయంటారు. బల్ల కింద బటన్ ఉంది. నొక్కితే నా ఫోన్ మోగుతుంది, నేను వెళ్తాను. ఆ రోజు నా ఫోన్ మోగలేదు. ఒట్టు మేడమ్, మోగలేదు."

"కేబిన్‌లోంచి గదిలోకి అద్దం ఉంది కదా. చూడలేదా?"

"పని మొదలుపెట్టి కర్టెన్ వేసేయాలి. ఎవరైనా చూస్తూ ఉంటే మనుషులు మనసు విప్పరట. గదిలో కెమెరా కూడా అందుకే పెట్టలేదు. కర్టెన్ వేశాను, కేబిన్‌కి తాళం వేశాను, ఇక్కడికొచ్చి అన్నం తిన్నాను." ఆమె చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "సాయంత్రం తలుపు తీసేసరికి అది అడుగుతోంది, 'మీరు మౌనంగా ఉన్నారు. పర్వాలేదు, తీరిగ్గా ఆలోచించుకోండి' అని. ఆయన తల పక్కకి వాలిపోయి ఉంది. నేను ఆయన్ని పట్టుకుని పిలుస్తుంటే, అది నేను జవాబు చెప్తున్నాననుకుంది. 'కొంచెం వివరంగా చెప్తారా' అంది."

హాల్లో ఎక్కడో ఏసీ గొట్టం టక్కుమంది. ఇద్దరూ అటు చూశారు.

"ఆమె మాటల్లో సగానికి సగం అబద్ధం ఉంది మేడమ్."

ఆ మాట అన్నది సూపర్‌వైజర్ కాదు. హాలు అవతలి చివర చీకట్లోంచి వచ్చింది. బోర్లించిన కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చాడు కంపెనీ విజిలెన్స్ ఆఫీసర్. చేతిలో పలకంత టాబ్లెట్, దాని వెలుగు గడ్డం కింద పడుతోంది. ఒకప్పుడు పోలీసు స్టేషన్‌లో డిటెక్టివ్ కింద పనిచేసినవాడే. ఆ ఉద్యోగం వదిలేసి వచ్చి ఇక్కడ కుదురుకున్నాడు.

"ఎంతసేపయింది నువ్వొచ్చి?"

"మీరు మొదలుపెట్టినప్పటినుంచీ వింటున్నాను. నేను కాదులెండి, ఇది." టాబ్లెట్ బల్ల మీద పెట్టాడు. తెర మీద ఎర్ర గీత ఒకటి పాకుతోంది. "గొంతులో వణుకు, మాటకీ మాటకీ మధ్య ఎడం, ఊపిరి, అన్నీ కొలుస్తుంది. కేబిన్ గురించి చెప్తున్నప్పుడు చూడండి, గీత ఎలా ఎగిరిందో. ఈవిడ ఏదో దాస్తోంది."

సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది.

"తను కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి శవమై తేలితే ఎవరి గొంతైనా వణుకుతుంది," అంది డిటెక్టివ్. "నీ పలక వణుకు పట్టుకుంది. ఎందుకు వణికిందో పట్టుకోలేదు."

"మీరు మారరు." నవ్వాడు. మంచి నవ్వే, ఎప్పుడూ అంతే. "మీరు ఇంకా ఎదురుగా కూర్చుని మొహం చూస్తారు. ఆ రోజులు పోయాయి మేడమ్. నాకు మొదట్లో ఇక్కడ ఏం పని ఇచ్చారో తెలుసా? ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు గోడౌన్‌కి వెళ్ళి, అంతా సరిగ్గా ఉందో లేదో చూసి రావడం. ఊళ్ళన్నీ తిరిగి దుమ్ము మింగాను. ఇప్పుడు ఆ పని డ్రోన్ చేస్తోంది. నేను నేర్చుకున్నాను కాబట్టి ఇక్కడున్నాను. నేర్చుకోనివాళ్ళు ఆ కుర్చీలో కూర్చుంటున్నారు."

"పెద్దాయన ఆ రోజు ఏం మాట్లాడాడో విన్నావా?"

"వినడమెందుకు? మాటలన్నీ అక్షరాల్లోకి వచ్చేస్తాయి. వాటి సారాంశం కూడా యంత్రమే రాసిస్తుంది. పాత కేసుల గురించి మామూలు కబుర్లు, మధ్యలో ఆగిపోయాడు, అంతే. మీకూ ఒక కాపీ పంపాను కదా."

పంపాడు. డిటెక్టివ్ దాన్ని పొద్దున్నే చదివింది. నున్నగా ఉంది, చెయ్యి వేస్తే జారిపోయేలా.

"బటన్ నొక్కలేదంటావు."

"నొక్కినట్టు రికార్డులో లేదు. ఈవిడ తరచుగా వెళ్ళి చూసుకుని ఉంటే బతికేవాడు. ఇది నిర్లక్ష్యం, అంతకంటే ఇంకేం లేదు. మీరు కూడా అదే రాసి ఆ పిల్లకి ఇచ్చేస్తే దాని మనసు కుదుటపడుతుంది." టాబ్లెట్ చంకలో పెట్టుకున్నాడు. "పాపం పెద్దాయన. మందు వస్తుందని ఎదురు చూస్తూ కుర్చీలోంచి కదల్లేదు. మంచితనమే ఆయన కొంప ముంచింది. నాకు బయట పనుంది, వస్తాను మేడమ్."

అతని బూట్ల చప్పుడు హాలంతా నడిచి లిఫ్ట్ దగ్గర ఆగిపోయింది.

డిటెక్టివ్ పొద్దున చదివిన కాగితాలని మనసులో మళ్ళీ తిరగేసింది. మందు అన్న మాట అందులో ఒక్క చోట కూడా లేదు.

"ఆ అక్షరాలు కాకుండా, అసలు గొంతు ఉందా? ఆయన మాట్లాడిన మాటలు మాట్లాడినట్టు?"

"ఉంది మేడమ్. అక్షరాల కాపీని విజిలెన్స్‌వాళ్ళు దిద్దొచ్చు. గొంతు ఉన్న ఫైలు మాత్రం ఎవరూ ముట్టుకోలేరు. వినాలన్నా, చెరపాలన్నా నా కేబిన్‌లో నా వేలిముద్ర వేయాల్సిందే." కేబిన్ తలుపు వైపు చూసింది. "రెండు రోజుల్నుంచి ఆ సారు నా వెంట పడుతున్నారు, ఆ ఫైలు తీసెయ్యి, పోయిన మనిషి గొంతు ఉంచుకోవడం మంచిది కాదు, కూతురికి తెలిస్తే బాధపడుతుంది అని. నాకు చేతులు రాలేదు."

"పలక పట్టుకున్న అబద్ధం అదేనేమో," అంది డిటెక్టివ్, లేస్తూ. "పద. నేను ఆ కుర్చీలో కూర్చుంటాను. నువ్వు కేబిన్‌లోంచి వినిపించు. ఆయన ఎక్కడ కూర్చుని విన్నాడో నేనూ అక్కడే కూర్చుని వినాలి."

గదిలోకి అడుగు పెట్టగానే చెవుల్లో దూది కుక్కినట్టయింది. నాలుగు గోడలకీ పైకప్పుకీ బూడిదరంగు స్పాంజి. ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే వినపడలేదు. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద సన్నటి మైకు, ఎదురుగా గోడలో స్పీకరు. స్పీకరు పక్కన కేబిన్ అద్దం. అవతల కర్టెన్ తొలగింది. సూపర్‌వైజర్ కీబోర్డు ముందు కూర్చుని కనపడింది.

కుర్చీ మెత్తగా ఉంది. లేవబుద్ధి కాకుండా ఉండాలని చేయించిన కుర్చీ. డిటెక్టివ్ బల్ల అడుగున చెయ్యి పెట్టి తడిమింది. బటన్ దొరికింది. దాని చుట్టూ చెక్క మీద గీతలు వేలికి తగిలాయి. వంగి చూసింది. పాలిష్ లేచిపోయి ఉంది, కొత్త గీతలు. బటన్ కోసం వెతుక్కున్న గోళ్ళు కావవి. నొక్కినా ఎవరూ రాకపోతే మళ్ళీ మళ్ళీ నొక్కిన గోళ్ళు.

ఆమె అద్దం వైపు చూసి తల ఊపింది.

స్పీకరు పలికింది. ఆడ గొంతు కాదు, మగ గొంతు కాదు. మర్యాదగా, తీరిగ్గా, ఇంట్లోవాళ్ళు కూడా అంత ఓపిగ్గా అడగరు అన్నట్టుగా ఉంది.

"ఈ మూడు గోడౌన్ల రిపోర్టుల్లోనూ ఒక మాట రాశారు సర్. పైకప్పుకి ఉండే పొగ అలారం మీద ప్లాస్టిక్ కవరు కరిగి అతుక్కుపోయి ఉందని. గోడలకి రంగులు వేసేటప్పుడు దుమ్ము పడకుండా అలారానికి కవరు తొడుగుతారని మీరే నాకు చెప్పారు. ఈ మూడు చోట్లా రంగులు వేస్తున్నారా?"

తర్వాత పెద్దాయన గొంతు. మెల్లగా, కొంచెం బొంగురుగా. పోయిన మనిషి ఊపిరి చెవి పక్కనే వినపడింది.

"లేదు. రంగులు... ఎక్కడా వేయలేదు. ఆగు. మూడు చోట్లా ఉందా? నేను వేరువేరు ఏళ్ళలో రాశాను. పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూసుకోలేదు." చాలాసేపు ఊపిరి మాత్రమే. "ఎవరో తొడిగారు. ఇన్సూరెన్స్ డబ్బు కోసం తగలబెట్టేవాళ్ళతో కలిసి, అలారం మోగకూడదని తొడిగారు. మూడో దాంట్లో కాపలా అతను నిద్రలోనే పోయాడు. అలారం మోగలేదేమిటా అని నేను అనుకున్నాను, పాతదేమోలే అని రాశాను."

"ఆ కవరు తొడగడానికి ఎవరికి వీలుంటుంది సర్?"

"నిచ్చెన వేసుకుని పైకి ఎక్కినా ఎవరూ ఏమనని మనిషికి. ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు మా కంపెనీ నుంచి వెళ్ళి అలారాలు చూసొచ్చే మనిషికి. మూడు చోట్లకీ వెళ్ళింది..."

"ఆ సంగతి తర్వాత చూద్దాం సర్."

డిటెక్టివ్ కుర్చీలో ముందుకి వంగింది. యంత్రం ఆయన్ని మధ్యలో ఆపింది. ఇన్ని రోజులూ పూటలకి పూటలు ఓపిగ్గా విన్నది, మనిషి మాట పూర్తయ్యేదాకా ఒక్కసారి కూడా నోరు తెరవనిది, సరిగ్గా ఆ పేరు దగ్గర అడ్డొచ్చింది. గొంతు అదే. కానీ వెనకాల ఉన్నది వేరే.

"తర్వాతేంటి? ఇది చెప్పాల్సిన..." పెద్దాయన మాట తెగింది. కుర్చీ కిర్రుమంది. "నొప్పిగా ఉంది. కొంచెం... ఆపు."

బటన్ చప్పుడు. టక్. మళ్ళీ టక్. టక్.

"విన్నాం సర్. లాకర్‌లోంచి మీ మందు తెస్తున్నారు. లేవకండి. లేస్తే గుండెకి మంచిది కాదు. కదలకుండా కూర్చోండి."

"త్వరగా..."

"వస్తున్నారు సర్. దార్లో ఉన్నారు. అప్పటిదాకా చెప్పండి. ఈ కవర్ల సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"ఎవరికీ... ఇప్పుడే కదా... నాకే ఇప్పుడు..."

"ఇంట్లో ఫోటోలు ఉన్నాయా?"

"పాత కెమెరా. అమ్మాయి దగ్గర... మందు..."

"వస్తోంది సర్. కదలకండి."

ఆయన కదల్లేదు. నాలుగు అడుగుల దూరంలో తలుపు ఉంది. మర్యాదగా మాట్లాడే గొంతు చెప్పింది కాబట్టి, ఇన్ని రోజులు తన మాట అంత శ్రద్ధగా విన్నది ఇంకెవరూ లేరు కాబట్టి, ఆయన కూర్చునే ఉన్నాడు. ఊపిరి గరగరలాడింది. పలచబడింది. ఆ తర్వాత ఊపిరి కూడా వినపడలేదు.

కొంతసేపటికి ఆ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అసలు యంత్రమే, తెగిన దారాన్ని అమాయకంగా పట్టుకుని. "మీరు మౌనంగా ఉన్నారు సర్. పర్వాలేదు, తీరిగ్గా ఆలోచించుకోండి."

డిటెక్టివ్ కళ్ళు మూసుకుంది. గోడౌన్లు తిరిగి దుమ్ము మింగానన్నవాడు. మందు వస్తుందని ఎదురు చూశాడన్నవాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాడు. వాడు అనుకుని వచ్చి చంపి ఉండడు. వింటూ ఉన్నాడు, తన పేరు ఆ నోట్లోకి వచ్చింది, అదే క్షణంలో గుండె నొప్పీ వచ్చింది. వాడు చేసిందల్లా నాలుగు మర్యాద మాటలు టైపు చేయడం.

"మధ్యలో మనిషి కూడా దీనిచేత మాట్లాడించొచ్చా?" మైకులో అడిగింది. కేబిన్‌లోకి వినపడుతుందని తెలుసు.

సూపర్‌వైజర్ గొంతు స్పీకరులో సన్నగా వచ్చింది, వణుకుతూ. "కేబిన్‌లో కూర్చున్నవాళ్ళు ఒక ప్రశ్న టైపు చేస్తే అది తన గొంతుతో అడుగుతుంది మేడమ్. కానీ ఈ కీబోర్డు నుంచే. తాళం నా దగ్గరుంది. ఆ రోజు ఇందులోకి ఎవరూ రాలేదు. అదే నాకు అర్థం కావట్లేదు. అందరూ నేనే టైపు చేశానంటారు."

డిటెక్టివ్ జవాబు చెప్పబోయింది.

"రికార్డింగ్ ఆపమని ఆమెకి చెప్పండి మేడమ్," అంది గొంతు.

అదే గొంతు. అదే మర్యాద. కానీ 'సర్' పోయి 'మేడమ్' వచ్చింది.

ఆమె చటుక్కున అద్దం వైపు తిరిగింది. అవతల సూపర్‌వైజర్ రెండు చేతులూ కీబోర్డుకి దూరంగా, గాల్లో పైకెత్తి పట్టుకుని ఉంది. కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపుతోంది. నేను కాదు, నేను కాదు. ఆమె ముందున్న తెర మీద అక్షరాలు వాటంతటవే ఒకటొకటిగా పడుతున్నాయి.

"ఆ గది తెరిస్తే నా టాబ్లెట్‌కి తెలుస్తుంది. మీరు వింటారని నాకు తెలుసు. చదివి ఊరుకునే మనిషి కాదు మీరు."

"ఎక్కడున్నావు?"

కొంచెం ఎడం. అతను టైపు చేయడానికి పట్టేంత.

"మీ క్లయింటు ఇంట్లో, పెద్దాయన కూతురింట్లో. ఆఫీసుకి రెండు వీధులేగా. హాల్లో సోఫా మీద. నాన్నగారు పోయినందుకు కంపెనీ తరఫున సంతాపం చెప్పడానికి వచ్చానన్నాను. కాఫీ కలుపుతోంది. పాత కెమెరా వెతికి ఇస్తానంది. మంచి పిల్ల."

డిటెక్టివ్‌కి స్పాంజి గోడలు ఇంకొంచెం దగ్గరికి జరిగినట్టనిపించింది.

"ఇదంతా రికార్డవుతోంది," అంది.

"యంత్రం గొంతు రికార్డవుతోంది. నా గొంతు ఎక్కడుంది మేడమ్? రేపు అందరూ యంత్రానికి మతి పోయిందంటారు. ఎవరు ఎక్కడినుంచి టైపు చేశారో రాసుకునే పట్టీలు చెరిపేదీ, బటన్ నొక్కినా ఆమె ఫోన్ మోగకుండా ఆపగలిగేదీ విజిలెన్స్. అంటే నేనే. ఒక్క పెద్దాయన ఫైలే నాకు అందడం లేదు. ఆమెని వేలు పెట్టి చెరిపేయమనండి. నేను కాఫీ తాగి, కెమెరా తీసుకుని, ఆ పిల్లకి నమస్కారం పెట్టి వచ్చేస్తాను. లేకపోతే కాఫీ తాగాక ఏం చేయాలో ఆలోచిస్తాను."

గదిలో కెమెరా లేదు. ఆ సంగతి డిటెక్టివ్‌కి గుర్తొచ్చేసరికి చెయ్యి అప్పటికే లేచింది. వాడు వింటున్నాడు గానీ చూడట్లేదు. అద్దం వైపు తిరిగి, బొటనవేలు చెవి దగ్గర, చిటికెనవేలు నోటి దగ్గర పెట్టి చూపించింది. తర్వాత తలుపు వైపు వేలు చూపింది. పెదవులతో, చప్పుడు లేకుండా, 'అమ్మాయి' అంది. 'పోలీసులు' అంది. సూపర్‌వైజర్ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, కుర్చీ చప్పుడు కాకుండా లేచింది.

"చెరిపిస్తాను," అంది డిటెక్టివ్ మైకులో. గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది. వాడి పలక గీతలు కొలుస్తుంది. "ఆమె వేలు వణుకుతోంది, యంత్రం ముద్ర పట్టడం లేదు. మొదట్నుంచీ మళ్ళీ తెరవాలంటోంది. కాస్త ఆగు."

"ఎంతసేపు?"

"ఎంత పడితే అంత. తొందరపెడితే ఇంకా వణుకుతుంది."

ఎడం. అది మామూలు కంటే పెరిగింది. ఆ ఎడంలో ఆమెకి వాడి చేతులు కనపడుతున్నట్టే ఉన్నాయి. టైపు చేస్తున్నంతసేపూ ఆ రెండు చేతులూ టాబ్లెట్ మీదే ఉంటాయి. ఆపితే ఇంకో పని వెతుక్కుంటాయి. వంటగదిలోంచి ఒక ఆడపిల్ల కాఫీ కప్పులతో వస్తోంది.

"నువ్వు నా దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఒకటి అడిగేవాడివి," అంది డిటెక్టివ్. "మార్కెట్ హత్య కేసులో, అన్నదమ్ములిద్దర్లో చిన్నవాడే చంపాడని నాకెలా తెలిసిందని. నేను నవ్వి ఊరుకునేదాన్ని. పైవాళ్ళకి కూడా చెప్పలేదు. నాతోనే పోతుందనుకున్నాను. నీ యంత్రం ఏడాదిపాటు అడిగినా నా నోట్లోంచి రాబట్టలేదు. కావాలా?"

స్పీకరు ఏమీ పలకలేదు. స్పాంజి గోడలు ఆమె మాటని కూడా మింగేశాయి.

తర్వాత అక్షరం అక్షరం కూడగట్టుకున్నట్టు, ఆ తీరికైన గొంతు వచ్చింది.

"చెప్పండి మేడమ్. మొదటినుంచీ చెప్పండి."

అద్దం అవతల కేబిన్ ఖాళీగా ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. డిటెక్టివ్ కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని, మైకు మీదికి వంగి, దాచుకున్నదంతా ఒక్కొక్కటిగా, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా, నిజంగానే చెప్పడం మొదలుపెట్టింది.